ఎత్తుకునేవాడు లేని పాట

వారం రోజులుగా ఫిజీ దీవుల పాటలు వింటున్నాను. గిటార్ పాటలయ్యాక వాళ్ల పాత పల్లెపాటల్లో పడ్డాను. ఈ సాయంత్రం యారాడ సముద్రపొడ్డున ఫోన్‌లో ఒకటి పెట్టాను. ఒక గొంతు ఎత్తుకుంటే ఊరంతా అందుకుంటోంది. పక్కన వల బాగుచేస్తున్న సూరయ్య తాత చెయ్యి ఆగింది.

"వల లాగినప్పుడు మేవూ ఇలాగే పాడీవోళ్లం."

"ఒకటి పాడు తాతా, రికార్డు చేసుకుంటాను."

"ఎత్తుకునీవోడు మా అన్న. పోయి రెండేళ్లయిపోనాది. నాకు అందుకోడమే వొచ్చు బాబూ."

అయినా పాడాడు. అన్న పాడాల్సిన చోటల్లా అంతసేపూ ఆగి, తన వంతు అందుకున్నాడు. రికార్డింగులో సగం సముద్రపు హోరే.

పాటల్లో ఫిజీ దాకా వెళ్లినవాణ్ని, యారాడకు రెండేళ్లు ఆలస్యంగా వచ్చాను. అన్న ఎత్తుకునే ఆ వరసలు తెలిసినవాళ్లు, ఇది చదువుతున్న మీలో ఎవరైనా మిగిలారా?