ఏడంతస్తులకు అంత్యక్రియల సంఘం

మా గోగో, అంటే మా అమ్మమ్మ మాఖోజా, జోహన్నెస్‌బర్గ్‌లో మేముండే ఏడంతస్తుల భవనంలో అద్దెదారులందరికీ పెద్ద. ఆ పదవి ఎవరూ ఇవ్వలేదు. లిఫ్టు పక్కన కుర్చీ వేసుకుని పదకొండేళ్లు కూర్చుంటే వచ్చింది. ఆవిడ అయిదో అంతస్తులో మా ఇంటికి వచ్చాక అదే కుర్చీ మా ఫ్రిజ్ తలుపుకి ఆనిస్తాం, లేకపోతే తలుపు మూసుకోదు. పగలు కుర్చీ కింద ఉంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పాలు పులుస్తాయి. గోగో దాన్ని పెరుగు అంటుంది.

భవనం ఒక సేవాసంస్థది. లాభం తీసుకోదు, అందుకే అద్దె మేం కట్టగలిగేంతలో ఉంటుంది. నవంబరులో నోటీసు బోర్డు మీద వేశారు: మరమ్మతు నిధిలో నిల్వ, రెండు లక్షల పదివేల రాండ్లు. గోగో నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"ఎనభై నాలుగు ఇళ్లు. ఇంటికి రెండు వేల అయిదువందలు వస్తాయి," అంది, నేను వేళ్లు మడవకముందే.

ఇరవై ఏళ్లుగా ఆవిడ ఒక స్టాక్‌వెల్‌కి కోశాధికారి. ఆడవాళ్లు నెలనెలా తలా కొంత వేసి, డిసెంబరులో చిల్లరతో సహా పంచేసుకుంటారు. డిసెంబరు దాటి పెట్టెలో డబ్బుందంటే ఎవరో కాజేస్తున్నట్టే అని ఆవిడ లెక్క. ఆ మర్నాడే ఈ నిధీ పంచేసుకుందామని అందరికీ చెప్పి, రెండు తలుపుల ఫ్రిజ్‌కి బయానా కట్టేసి వచ్చింది.

సంస్థ మేనేజరు తెబోహో పరుగున వచ్చాడు. "గోగో, అది పంచుకునే డబ్బు కాదు."

"మరి దేనికి దాస్తున్నావు బాబూ? నీ పెళ్లికి పిల్ల తండ్రికి కన్యాశుల్కంగా ఆవులు తోలడానికా?"

ఆదివారం అందరం హాల్లో కూడి చేతులెత్తి తేల్చుకుందామన్నారు. అంతలోనే గురువారం నీళ్ల పంపు కాలిపోయింది.

లిఫ్టు ముందు బకెట్ల వరస చూసి గోగో రెండు బకెట్లు పట్టుకుని నాతో నడిచే బయల్దేరి, మూడో అంతస్తులో మెట్ల మీద కూలబడింది. తెబోహో ఎదురొచ్చాడు.

"కొత్త పంపు ఎప్పుడు?"

"రేపు."

"రేపా? పక్క భవనంలో పంపు కాలి ఏడు నెలలైంది, ఇంకా కొత్తది వెయ్యలేదు."

"వాళ్ల పెట్టె ఖాళీ, గోగో. ఈ పంపు ఖరీదు అరవై రెండు వేలు."

"పంచేసుకున్నాక జనవరిలో కాలి ఉంటే?"

"ఇంటికి ఏడువందల నలభై వసూలు చేసేవాళ్లం."

"పండగకి అంతా ఊడ్చేశాక, జనవరిలో? వీళ్ల దగ్గర?" అని గోగో నవ్వింది. తర్వాత అయిదో అంతస్తు దాకా వేళ్లు మడుస్తూ ఎక్కింది. మెట్లు లెక్కపెడుతోంది అనుకున్నాను.

ఆదివారం ఆవిడే ముందు లేచింది. "మీరంతా చావు ఖర్చులకని నెలనెలా అంత్యక్రియల సంఘంలో కడుతున్నారుగా. శవపేటిక డబ్బు డిసెంబరులో పంచమని ఎవరైనా అడిగారా? ఇదీ అంతే."

మూడో అంతస్తు హ్లెంగీవే ఊరుకోలేదు. "మనుషులు చస్తారు గోగో. భవనం చస్తుందా?"

"గురువారం చచ్చింది కదే. నువ్వూ బకెట్ మోశావు."

పంచమని ఒక్క చెయ్యీ లేవలేదు. హ్లెంగీవే మాత్రం, "మరి నీ ఫ్రిజ్?" అంది. హాలంతా నవ్వింది. గోగో నా వైపు చూసింది. అవును, చెప్పింది నేనే.

సోమవారం కొట్టువాడు నూటయాభై కోసుకుని బయానా తిరిగిచ్చాడు. దాంతో గోగో ఇంకో కుర్చీ కొంది. కొత్తది లిఫ్టు పక్కన ఆవిడకి, పాతది రోజంతా ఫ్రిజ్‌కి. ఇప్పుడు మా పాలు పులవడం లేదు. పెరుగేదని గోగో నన్నే తిడుతోంది.