పరదేశి అమ్ముకున్న ఓటు

దుర్గారావు ఎదురుపడితే రాయపూర్ తెలుగువాళ్లు పక్క సందులోకి తిరిగిపోయేవారు. ఆయన నోరు మంచిది కాదనేవారు. నిజమే, మంచిది కాదు. పుట్టింది మొదలు ‘అమ్ముడుపోయినవాడి మనవడు’ అనిపించుకున్న మనిషికి మంచి నోరెలా వస్తుంది?

ఆ అమ్ముడుపోయినవాడు ఆయన తాత పరదేశి, రైల్వేలో గ్యాంగ్‌మన్. తెల్లదొరల కాలంలో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది. స్వరాజ్యం కోరి నిలబడ్డాయన ఒక్క ఓటుతో ఓడిపోయాడు. స్వాతంత్ర్యం వచ్చి ఊరందరికీ ఓట్లు వచ్చాక ఎవరో కథ అల్లారు: ఆ ఒక్క ఓటూ పరదేశిదేనట, దొర ఇచ్చే రైల్వే క్వార్టరు ఇంటికి ఆశపడి అమ్ముకున్నాడట. అప్పటికే చనిపోయిన పరదేశి వచ్చి కాదనలేడు కదా! చివరికి కన్నకొడుకైన దుర్గారావు తండ్రి కూడా నమ్మాడు. ఆ తండ్రి పోయిననాడు పాడె మొయ్యడానికి రైల్వేలో తోటి హిందీవాళ్లే దిక్కయ్యారు.

2009లో తెలుగు సంఘం స్వర్ణోత్సవ సంచికలో అదే కథ వేస్తున్నారని తెలిసింది. అప్పటికి రిటైరై భన్‌పురిలో ఉంటున్న దుర్గారావు నాలుగుసార్లు ఆనాటి రాజధాని నాగపూర్ వెళ్లి, పాత కాగితాలు తిరగేయించి, ఆ ఎన్నిక ఓటర్ల జాబితా నకలు సంపాదించాడు. దాన్ని పట్టుకుని శంకర్ నగర్‌లో జరుగుతున్న సంఘం మీటింగుకు తిన్నగా వెళ్లాడు.

“ఇది సూడండి యుగంధర్ గారూ,” అన్నాడు అధ్యక్షుడితో. “ఆ రోజుల్లో బూమి శిస్తో, ఆదాయప్పన్నో కట్టినోడికే ఓటు. ఇందులో ఒక్క గ్యాంగ్‌మన్ పేరు సూపించండి. మా తాతకి ఓటే నేదు. నేని ఓటు ఎలాగమ్మేడండీ?”

యుగంధర్ కాగితాలు తిరగేసి, కాస్త కంగారుపడ్డాడు. “ఠీక్ హై, ఆ లైన్ తీసేస్తాం. పురానీ బాత్ కదా, ఛోడ్ దీజియే, వదిలెయ్యండి.”

“తీసెయ్యొద్దు. అబద్దమని అచ్చెయ్యండి. మా నాన్న కన్నతండ్రిని దొంగనుకుంటూనే పోయేడు. మీరందరూ కలిసి నమ్మించేరు. ఇప్పుడు మీరే కాదని సెప్పాల.”

“పండగ పుస్తకంలో ఈ ఝగడా ఎందుకు?” అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

యుగంధర్ తన మీదికి రాకుండా తప్పించుకునే దారి చూసుకున్నాడు. “అచ్చెయ్యాలనేవాళ్లు చేతులెత్తండి,” అన్నాడు.

నలభైమంది ఉన్నారు. కొందరు ఫోన్లు చూసుకున్నారు, కొందరు టీ గ్లాసులు వెతుక్కున్నారు. సిగ్గులేని జనం. దుర్గారావు ఒక్కడే చెయ్యెత్తాడు.

మినిట్స్ రాస్తున్న కార్యదర్శి మురళీమోహన్ తలెత్తి చూశాడు. “మీరు మెంబర్ కాదు కదండీ. మీ నాన్నగారు అర్జీ పెట్టుకున్నప్పుడే సంఘం వద్దంది. మీకు ఓటు లేదు. చెయ్యి దించండి.”

దుర్గారావు దించలేదు. మురళీమోహన్ పుస్తకంలో ‘అనుకూలం: ఎవరూ లేరు’ అని రాసి, సంతకం పెట్టి, మూసేదాకా అలాగే నిలబడ్డాడు.