గల్లీ అంతా ఖీమా

ఈ రోజు ఉస్మాన్‌గంజ్ వెనకాల ఒక గల్లీలో సర్వే చేశాను. పేదల ఇళ్లలో ఏం తింటున్నారో అడిగి రాసుకోవడం నా ఉద్యోగం. వాకిట్లో నిలబడి, "నిన్న ఏం వండారు?" అని అడిగాను. మొదటి ఇంటి చాంద్ బీ ఖీమా అంది. పక్కింటి యాదమ్మ మటన్ అంది. గల్లీ చివరికి వచ్చేసరికి అక్కడ పేదలే లేరని తేలింది!

విసుగ్గా రిక్షా ఎక్కబోతుంటే చాంద్ బీ పిలిచింది. పరదా తొలగించి లోపలికి తీసుకెళ్లి, చాప వేసింది.

"వాకిట్ల నిలబడి గంత జోరుగ అడిగితే ఎవరు చెప్తరు బేటీ? పక్కింటోళ్లు ఇంటరు. ఇజ్జత్ ఉంటది గదా! నిన్న రేషన్ జొన్నల రొట్టె, మిర్చి చట్నీ తిన్నం. ఇప్పుడు రాస్కో."

"మరి యాదమ్మ?"

"గా ముచ్చట ఆమె ఇంట్ల కూసొని ఆమెనే అడుగు. నేనెట్ల చెప్త?"

అలా అంటూనే నాతో బయల్దేరి, ప్రతి గుమ్మం దగ్గరా "లోపలికి పిలువుండ్రి, మన పిల్లనే" అని చెప్పింది. మధ్యాహ్నానికల్లా గల్లీలోని మాంసమంతా జొన్నరొట్టె అయిపోయింది. ముందు రాసినవన్నీ కొట్టేసి, ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆమె పిలవకపోతే ఆ అబద్ధాలే ఆఫీసులో లెక్కలయ్యేవి.

సాయంత్రం ఇంటికి రాగానే పక్కింటావిడ గోడ మీదుగా, "ఇయ్యాల ఏం కూర అక్కా?" అంది. నెలాఖరు. చింతకాయ పచ్చడి తప్ప ఇంట్లో ఏమీ లేదు.

"గుత్తి వంకాయ" అన్నాను.

మీరైతే ఏమనేవారు?