ప్రతి బొమ్మా పలకాలన్నా

మార్కాపురంలో పలకంటే ఏంటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు బడిపిల్లలు అక్షరాలు దిద్దుకునే పలకలు ఇక్కణ్ణించే పోయేవి. ఇప్పుడు అదే రాయి పట్నాల్లో పెద్ద పెద్ద ఇళ్ళ గోడలకు అంటించడానికి పోతోంది. ఆ రాయి అమ్మే శేషాద్రి కంపెనీలో ఆర్డర్లు చూసేది స్వర్ణలత. త్రిపురాంతకం దగ్గర కందీ మిరపా వేసుకునే పిచ్చయ్య కూతురు. ఇంటర్‌లో ఉండగా చూపు మందగించడం మొదలై, డిగ్రీ అయ్యేసరికి పూర్తిగా పోయింది. ఇంట్లోవాళ్ళు ఏడ్చింది చాలక, వచ్చేపోయేవాళ్ళు కూడా ఏడ్చిపోతుంటే విసుగెత్తి హైదరాబాదు పోయింది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఫోనూ కంప్యూటరూ వాడటం నేర్చుకుని తిరిగొచ్చింది.

శేషాద్రి చెడ్డవాడేం కాదు. ఫ్యాక్టరీలో అందరికీ బాబాయ్. కళ్ళు లేని పిల్లకు ఏం చేతనవుతుందన్నవాళ్ళ నోళ్ళు మూయించి మరీ పని ఇచ్చాడు. అయితే ఆ సంగతి పదిమందిలో ఆయనే చెప్పుకునేవాడు, అది స్వర్ణలతకు నచ్చేది కాదు. పని చేయించుకుని జీతం ఇస్తున్నాడు, మధ్యలో ఈ పుణ్యం ఎక్కణ్ణించి వచ్చింది?

అప్పట్లో ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వచ్చేవి. ఫోను చదివితే ఆమె వినేది. ఏ రాయి, ఏ సైజు, ఎన్ని పెట్టెలు అని కంప్యూటర్లో కొట్టుకుని, కోత షెడ్డుకు చెప్పేది. పొరపాట్లు అసలు జరగలేదని కాదు, కళ్ళున్నవాళ్ళు చేసినన్నే చేసింది.

సాఫీగా సాగుతున్న పనికి వెబ్‌సైటు వచ్చి అడ్డం పడింది. "ఇంకా వాట్సాప్ ఏంది మామా, నవ్వుతారు" అని శేషాద్రి మేనల్లుడు సందీప్, గిద్దలూరులో పెళ్ళి ఆల్బమ్‌లూ ఫ్లెక్సీలూ చేసే మురళీకృష్ణను పట్టుకొచ్చాడు. అతను అరచేతిలో స్వర్గం చూపించాడు. ఇకమీదట ఆర్డర్లన్నీ వెబ్‌సైటులోనే. ఒక్కో రాయికి ఒక్కో ఫోటో, దాని మీద నొక్కితే ఎవరెంత కావాలన్నారో తెలుస్తుంది. చూసినవాళ్ళందరూ భలే ఉందన్నారు. స్వర్ణలత వేలు పెడితే మాత్రం ఫోను "ఇమేజ్" అంది. కిందికి జరిపితే మళ్ళీ "ఇమేజ్" అంది. ఇంకా కిందికి పోతే "బటన్" అంది. ఏ ఇమేజో, దేని బటనో దానికీ తెలీదు.

"బాబాయ్, ఇది నాకు చదవడం లేదు. ప్రతి బొమ్మ వెనకాల దాని పేరు రాయాల. బయటికి కనపడక్కర్లేదు, ఫోనుకు తెలిస్తే చాలు" అంది.

"చెప్తాలేమ్మా" అన్నాడు శేషాద్రి. చెప్పాడు కూడా. మురళీకృష్ణ అక్షరాలన్నిటినీ రెండింతలు పెద్దవి చేసి చేతులు దులుపుకున్నాడు. చూపే లేని మనిషికి అక్షరం ఎంతుంటే ఏంటి? మళ్ళీ చెప్పించింది. ఈసారి ఓ మూల చక్రాల కుర్చీ గుర్తు తగిలించి, పేజీ తెరవగానే వీణ మోగుతూ ఎవరో అమ్మాయి "మా సంస్థకు సుస్వాగతం" అనేట్టు చేశాడు. ఆ వీణ హోరులో ఫోను చెప్పే ఆ రెండు ముక్కలూ వినపడకుండా పోయాయి. స్వర్ణలతకు ఒళ్ళు మండింది. ఫోను గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది, కానీ ఆ ఫోను లేకపోతే తనకు పూట గడవదు.

ఈలోపు ఆర్డర్లు సందీప్ చేతికి పోయాయి. "నీకెందుకక్కా ఈ తిప్పలు? ముందు గదిలో కూర్చోని ఫోన్లొస్తే నమస్కారం చెప్పు. జీతం అదేగా" అన్నాడు. "సుఖంగా కూర్చోమ్మా" అన్నాడు శేషాద్రి. ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "పని తగ్గిందంటే మంచిదేగదా పాపా" అన్నాడు నాయన. ఎవరికి చెప్పినా ఇదే వరస. చేతిలో పని పోతోందని ఆమె నెత్తీ నోరూ బాదుకుంటుంటే, సుఖం దొరికిందని వీళ్ళ సంబరం.

ఇక మధ్యవర్తులతో లాభం లేదనుకుని తనే మురళీకృష్ణకు ఫోన్ చేసింది. సందీప్ వినకూడదని కోత షెడ్డు వసారాలోకి పోయి నిలబడింది. "మురళన్నా, పెద్ద అక్షరాలొద్దు, వీణలొద్దు. ప్రతి బొమ్మా పలకాలన్నా, అంతే!" అని అరిచింది. వెనక కోత మిషన్ రయ్యిమని లేచింది.

"ఓస్, ఇంతేనా మేడం! రేపటికి అయిపోతుంది" అన్నాడతను.

అయిపోయింది. మర్నాడు వీణ లేదు. వేలు పెట్టగానే ఫోను "పలక" అంది. స్వర్ణలత ప్రాణం లేచొచ్చింది. పక్కదాని మీద పెట్టింది. "పలక." ఆ పక్కది కూడా పలకే. నల్ల రాయీ పలకే, పచ్చ రాయీ పలకే. ఆర్డరు నొక్కే బటన్ పలక, వెనక్కి పోయే బాణం గుర్తు పలక.

ఫోన్ చేస్తే మురళీకృష్ణ నొచ్చుకున్నాడు. "మీరే కదా మేడం, ప్రతి బొమ్మా 'పలక' అన్నా అన్నారు? మార్కాపురం కంపెనీ కదా, పలకేలే అని అన్నిటికీ అదే పెట్టినా."

స్వర్ణలతకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు. ఇంకే ఊరివాడైనా అయితే ఏమన్నావని మళ్ళీ అడిగి ఉండేవాడు. ఈ చుట్టుపక్కల పుట్టినవాడికి ఆ మాట చెవినపడితే రాయి తప్ప ఇంకేం తోస్తుంది?

"పోనీలేమ్మా, ఇప్పుడు ఏదో ఒకటి పలుకుతోంది కదా" అన్నాడు శేషాద్రి. ఆయన తొందర ఆయనది. బెంగుళూరు కంపెనీ ఒకదాన్నుంచి పెద్ద ఆర్డరు రాబోతోంది. చూపు లేనివాళ్ళు కూడా వాడుకోగలిగే వెబ్‌సైటు ఉన్న కంపెనీల దగ్గరే కొంటామని వాళ్ళ నియమం. వాళ్ళ తరఫున రాధిక అనే ఆమె వీడియోలో మాట్లాడుతుందట. "బాగుందని ఒక్క మాట చెప్పు చాలు. మొదటి పేజీలో నీ ఫోటో కూడా పెట్టించినా" అన్నాడు.

బాగుందంటే ఇక జన్మంతా ముందు గదిలో నమస్కారాలు చెప్పుకుంటూ కూర్చోవాలి. బాగలేదంటే ఆర్డరు పోయిన పాపం తన నెత్తిన పడుతుంది.

వీడియోలో రాధిక తెలుగులోనే పలకరించింది. "స్వర్ణలత గారూ, మీకు వాడటానికి ఎలా ఉంది?"

శేషాద్రి దగ్గాడు. స్వర్ణలత బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు. ఫోను సౌండు పూర్తిగా పెంచి, తెర మీద వేలు పెట్టింది.

"పలక" అంది ఫోను. "పలక. పలక."

"ఇప్పుడు చదివింది ఏ రాయండీ?" అని రాధిక అడిగింది.

"నాకు తెలీదు మేడం." వేలు పైకి జరిపింది. అక్కడ మొన్నటిదాకా లేనిదేదో తగిలింది. "పలక" అంది ఫోను. "ఇదేంది బాబాయ్? కొత్తగా పెట్టినారా?"

సందీప్ నసిగాడు. "అది... నీ ఫోటో అక్కా."

రాధిక ఎక్కువ మాట్లాడలేదు. ముందు సరిచేయండి, ఈవిడ చేత్తోనే ఒక ఆర్డరు చేయించి చూపించండి, తర్వాత చూద్దాం అని పెట్టేసింది.

"ఒక్క మాటేగదమ్మా అడిగినా!" అన్నాడు శేషాద్రి.

"ఆ ఒక్క మాటే అబద్ధం బాబాయ్. నా పని తీసేసి, నా ఫోటో పెట్టినారు."

మర్నాడు మురళీకృష్ణ కంభం మీదుగా బస్సెక్కి వచ్చి, లాప్‌టాప్‌తో ఆమె పక్కన కూర్చున్నాడు. సందీప్ ఓ పక్కన, శేషాద్రి ఓ పక్కన నిలబడ్డారు. "ముందు మీ ఫోటో చేద్దాం మేడం. 'అంధ ఉద్యోగిని' అని పెట్టనా?"

"పెట్టు పెట్టు. బెంగుళూరోళ్ళకు తెలియాల గదా" అన్నాడు శేషాద్రి.

"కళ్ళ సంగతి ఎందుకన్నా? నేను చేసే పని పెట్టు" అంది స్వర్ణలత.

"ఏం పని చేస్తారు మేడం?"

అతను మామూలుగానే అడిగాడు. పక్కన శేషాద్రి దగ్గాడు. ఆమె దగ్గు వినపడ్డ వైపు తిరిగింది. "చెప్పండి బాబాయ్. నేనేం పని చేస్తా?"

ముందు గదిలో ఫోను మోగడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ఆమె లేవబోయింది.

"నువ్వు కూర్చో" అన్నాడు శేషాద్రి. "ఒరే సందీపూ, పోయి ఆ ఫోను చూడు. మురళీ, రాసుకో. స్వర్ణలత, ఆర్డర్లు చూసే మనిషి."