మునెయ్య ఇవ్వలేకపోయిన రక్తం

1956లో నేను ఉత్తర మద్రాసులో ఒక ప్రభుత్వాసుపత్రి బ్లడ్‌బ్యాంకులో నర్సుగా ఉన్నాను. బ్లడ్‌బ్యాంకు అనగానే ఇప్పటివాళ్లు పెద్ద విభాగాన్ని ఊహించుకుంటారు. మాది ఒక్క గది. అందులో ఒక ఫ్రిజ్, రెండు మంచాలు. రక్తాన్ని గాజు సీసాల్లో పట్టేవాళ్లం. ఇచ్చే డోనర్లలో ఎక్కువమంది డబ్బు కోసం వచ్చేవాళ్లే. వానలు పట్టుకుంటే వాళ్లూ రారు. ఫ్రిజ్ ఖాళీ అయ్యేది.

అలాంటి ఒక వానరోజు మధ్యాహ్నం రూతమ్మను తెచ్చారు. ఇంట్లో కాన్పయింది. బిడ్డ క్షేమమే గానీ తల్లికి రక్తస్రావం ఆగలేదు. వీధుల్లో నీళ్లు నిలిచి రిక్షాలు కదలడం లేదు. కొత్తవాలుచావిడి మార్కెట్లో కూరగాయల మూటలు లాగే మునెయ్య ఆమెను చేత్తో లాగే తన కైబండి మీద పడుకోబెట్టి, పైన గోనెపట్టాలు కప్పి, మోకాలిలోతు నీళ్లలో లాక్కొచ్చాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. భర్త ఏసుపాదం నడివీధిలో కేకలు వేస్తుంటే విని ఆగాడట.

రూతమ్మది 'ఓ' గ్రూపు రక్తం. ఆ గ్రూపు వాళ్లకు ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి. మా దగ్గర ఉన్నది ఒక్క సీసా. అది ఎక్కుతుండగానే డాక్టరమ్మ నా గదికి వచ్చింది.

"ఇది అయిపోయేలోపు ఇంకోటి కావాలి సిస్టర్. లేకపోతే నేనేమీ చెప్పలేను."

ఏసుపాదం రక్తం కలవలేదు. వాకిట్లో నిలబడి తల తుడుచుకుంటున్న మునెయ్య లోపలికి వచ్చి చెయ్యి చాపాడు.

"నాది చూడమ్మా."

చూశాను. ఓ గ్రూపే! "కలిసింది" అన్నాను. నా గుండె కుదుటపడింది. ఇక మిగిలింది కాపర్ సల్ఫేట్ పరీక్ష. ఆ నీలిరంగు నీళ్లలో వేలి నుంచి తీసిన రక్తపు చుక్క వేస్తాం. ఒంట్లో తగినంత బలం ఉంటే చుక్క మునుగుతుంది, రక్తం పలచనైతే తేలుతుంది. మునెయ్య చుక్క తేలింది. మళ్లీ వేశాను. మళ్లీ తేలింది.

"కలిసిందన్నావు గదా, ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు.

"నీకే రక్తం తక్కువ మునెయ్యా. తీస్తే పడిపోతావు."

"ఆయమ్మని ఈడిదాకా లాక్కోనొస్తినే, పడితినా?"

డాక్టరమ్మ గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. ఒక్క సీసానే కదా అని నా మనసూ లాగింది. అతని కనురెప్ప కిందికి లాగి చూశాను. ఎరుపన్నది లేదు.

"తీయను" అన్నాను.

అతని ముఖం చిన్నబోయింది. "దుడ్డిచ్చే స్తోమతు నాకు ఎట్టా లేదు. ఒంట్లో ఉండేదన్నా ఇద్దామంటే అదీ లేదంటివి" అని, బండి తీసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

సీసాలో మట్టం దిగుతూనే ఉంది. రూతమ్మ పెదవులు తెల్లబడ్డాయి. నాడి నా వేళ్ల కింద దొరికీ దొరకనట్టుంది. నేను అటు వెళ్లినప్పుడల్లా ఏసుపాదం బిడ్డను గుండెకు హత్తుకుని, "ఎవురన్నా వచ్చిరా సిస్టరమ్మా?" అని అడిగేవాడు. ఎవరు వస్తారో నాకు మాత్రం ఏం తెలుసు?

అంతలో బయట బండి చక్రాల చప్పుడు వినిపించింది. మునెయ్య! వెంట ఇద్దరు బండివాళ్లు తడుస్తూ వస్తున్నారు. బండి మీద గొడుగు పట్టుకుని ఒక లావుపాటి ఆడమనిషి కూర్చుని ఉంది.

"ఆడ అందర్నీ అడిగినా. మిగతావోళ్లకి బయం. ఈ అక్క చెంగమ్మ, మాకు ఇడ్లీలు పెడతాది" అన్నాడు.

బండివాళ్లలో ఒకరి గ్రూపు కలవలేదు. రెండోవాడు సూది చూసి వరండాలోకి పోయాడు. చెంగమ్మ ముందుకు వచ్చింది.

"ఆడోళ్లది తీసుకుంటారా?"

"తీసుకుంటాం."

"అట్లయితే చూడు మరి."

ఓ గ్రూపు. చుక్క నేరుగా అడుక్కి దిగింది. చివరగా క్రాస్ మ్యాచింగ్, అంటే ఇద్దరి రక్తాలూ కలిపి గడ్డలు కట్టడం లేదని చూసుకోవడం. గడ్డలు కట్టలేదు.

సూది పట్టుకుని దగ్గరికి వెళ్లగానే చెంగమ్మ అడిగింది. "రేపు నేను పిండి రుబ్బాల. రుబ్బచ్చునా?"

"రేపు వద్దమ్మా. కళ్లు తిరుగుతాయి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "పిండి లేకుంటే యాపారం ఏది? ఒకరోజు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు."

"నేను రుబ్బతాలే అక్కా" అన్నాడు మునెయ్య. "నువ్వు చెయ్యి చాపు."

చెంగమ్మ అతనివైపు ఒకసారి చూసి చెయ్యి చాపింది.

మొదటి సీసా అడుగంటుతుండగా రెండోది తగిలించాం. సాయంత్రానికి రక్తస్రావం ఆగింది, నాడి నిలబడింది. తర్వాత రూతమ్మ బిడ్డతో ఇల్లు చేరింది. మునెయ్యకు డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది.

వారం తర్వాత చెంగమ్మ సూది గుచ్చిన చెయ్యి చూపించుకోవడానికి వచ్చి నవ్వుతూ చెప్పింది. "బరకబరకగా రుబ్బినాడమ్మా. ఇడ్లీలు రాళ్లే! అయినా బండివోళ్లు ఒక్కరూ నోరెత్తకుండా తినేసినారు."

రక్తం ఇవ్వలేనివాళ్లను తిప్పి పంపడం నా ఉద్యోగంలో భాగం. ఆ తర్వాత కూడా ఎందరినో పంపాను. కానీ ఎవరినీ ఊరికే పంపలేదు. "నీకు తెలిసినవాళ్లు ఎవరన్నా ఇస్తారేమో అడుగుతావా? వాళ్ల పని ఒకరోజు నువ్వు చూసుకోగలవా?" అని అడిగేదాన్ని. కూలీలు, పాచిపని చేసేవాళ్లు, పూలమ్మేవాళ్లు ఎందరో అలా ఆ గది గుమ్మం దాకా వచ్చి రక్తం ఇవ్వలేకపోయారు. ఆ మాటకు కాదన్నవాళ్లు చాలా తక్కువ.