ఎడమ పాదం మీద చెయ్యి

దయ్యం పట్టిందని తీసుకొచ్చినవాళ్లకు బీపీ చూసి, రక్తపరీక్ష రాసి, నాలుగు ధైర్యం మాటలు చెప్పి పంపే ఉద్యోగం నాది. జనగామ జిల్లా నర్మెట్ట దగ్గర ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో పద్నాలుగేళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. దయ్యాలంటే భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

ముందు నా ఎడమ కాలి సంగతి చెప్పాలి. రెండేళ్ల కింద టీకాల డబ్బాతో తండాకు పోతుంటే కాలువ గట్టు మీద కంకరలో స్కూటీ జారింది. ఆపుదామని కాలు కింద పెట్టాను. బండి దాని మీదే పడింది. మోకాలి కింద ఎముక విరిగి రాడ్ వేశారు. ఎముక అతుక్కుంది, నడక బాగానే వచ్చింది. కానీ ఒక నరం దెబ్బతిని పాదం పైభాగంలో స్పర్శ పోయింది. గిల్లినా, సూది గుచ్చినా తెలియదు. వేడీ చలీ అసలే తెలియవు.

అప్పటి నుంచి స్కూటీ ముట్టలేదు. తాళం చేతిలోకి తీసుకుంటేనే చెమటలు పట్టేవి. ఆటో దొరికిన రోజు తండాలకు పోయేదాన్ని, దొరకని రోజు లేదు. పసిపిల్లలను ఎత్తుకుని నా కోసం ఎదురుచూసిన తల్లులు అట్లాగే ఇళ్లకు మళ్లిపోయేవాళ్లు. ఎంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. చివరికి, తిరిగే పని నాతో కాదు, ఆఫీసులో ఏదైనా పని ఇవ్వండని దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకున్నాను. అది రాస్తూ ఏడ్చాను. తండాల్లో తిరగడం తప్ప నాకు ఇష్టమైన పని ఇంకొకటి లేదు.

ఆ కాయితం మా చెల్లె స్వప్న కంట పడింది. భూపాలపల్లి వైపు అడవి గుట్టల్లో కొత్తవాళ్లకు బైకులాంటి ఏటీవీ బండ్లు నేర్పుతున్నారని ఎక్కడో విని, నన్ను లాక్కుపోయింది.

"నాలుగు చక్రాలుంటయక్కా, అంత తొందరగ పడవు. ముందుగాల భయం పోనియ్యి. కాయితం తర్వాత ఇద్దువు గానీ."

అది ఆదివారం. మేం చేరేసరికి పొద్దున పదకొండు. మంచి ఎండ. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చీకట్లో ఏదో ఊహించుకుందిలే అని ఎవరూ అనకూడదు.

నేర్పించే ఆయన పేరు భద్రు. మహబూబాబాద్ దగ్గరి తండా నుంచి పని కోసం వచ్చి ఆ గుట్ట కిందే ఉంటున్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. మాట తక్కువ. హెల్మెట్లు పెట్టించి, చదును నేల మీద అరగంట తిప్పించాడు. కుడి చేతి బొటనవేలితో మీట నొక్కితే బండి కదులుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. గేర్ల గోల లేదు.

"స్కూటీలు నడిపెటోళ్లతోనే నాకు పరేషాన్ మేడం" అన్నాడు. "బండి జర ఒరిగితే చాలు, కాలు కింద పెడ్తరు. దీనికి అట్ల పెట్టొద్దు. ఎనక చక్రం కాలు మీదికెక్కుతది. ఒరిగితే ఒళ్లు గుట్ట దిక్కు వంచున్రి. కాళ్లు మాత్రం ఈ పాదాలు పెట్టుకునే పట్టాల మీదనే ఉండాలె."

సరిగ్గా నా జబ్బే అది. స్వప్న నా వైపు చూసి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మూడు బండ్ల మీద ముందు భద్రు, నడుమ నేను, వెనక స్వప్న. ఎక్కడం బాగానే ఎక్కాం. దిగేటప్పుడు ఒకచోట సన్నటి దారి గుట్టను ఆనుకుని పోతుంది. కుడివైపు గుట్ట, ఎడమవైపు వాన నీళ్లు కోసిన లోతైన ఒర్రె. అక్కడ భద్రు ఆగి వెనక్కి తిరిగాడు.

"ఈడ మెల్లగ రండ్రి. ఇంతకుముందు ఇద్దరం ఉండెటోళ్లం. ఇప్పుడు నేనొక్కన్నే."

ఆ రెండో మనిషి ఎవరని నేను అడగలేదు.

సగం దూరం దిగాక, వానలకు నానిన అంచు నా ఎడమ చక్రం కింద విరిగింది. బండి ఒర్రె వైపు ఒరిగింది. భద్రు చెప్పిందంతా మరిచిపోయాను. ఎడమ కాలు దానంతట అదే లేవబోయింది.

లేవలేదు. ఎవరో పాదం మీద అరచెయ్యి పెట్టి పట్టాకు అదిమి పట్టుకున్నారు. నాలుగు వేళ్లు ఒకపక్క, బొటనవేలు ఇంకోపక్క. కాన్పు నొప్పులకు బెదిరిపోయిన పిల్లను నేను భుజం నొక్కి పట్టుకుంటాను, అట్లాంటి పట్టు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఎక్కేటప్పుడు వాగు దాటడంతో తడిసిన కాన్వాసు బూటులోంచి ఆ వెచ్చదనం నాకు తెలిసింది.

కాలు రాకపోయేసరికి ఒళ్లు కుడివైపు వంచి బొటనవేలితో మీట నొక్కాను. బండి దారిలోకి ఎక్కింది. పది గజాలు పోయాక చెయ్యి తీసేసినట్టయింది.

కిందికి దిగాక అన్నీ చూశాను. బూటు లేసు దేనికీ చిక్కుకోలేదు. పట్టాకు కొక్కెం లాంటిదేమీ లేదు. నా పక్కన ఎవరూ లేరని వెనకే వచ్చిన స్వప్న ఒట్టేసి చెప్పింది. భద్రు పైకి పోయి విరిగిన అంచు చూసి వచ్చాడు. కాలు దించి ఉంటే ఒర్రెలో ఉండేదాన్నట.

"దించనియ్యలేదన్నా. ఎవరో పట్టుకున్నరు" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన ఉన్నచోటనే కూలబడ్డాడు.

ఆ రెండో మనిషి ఆయన భార్య మంగిలి. ఆ దిగుడులో కొత్తవాళ్ల పక్కన నడుస్తూ, ఎడమ పాదాన్ని పట్టాకు అదిమి పట్టుకుని, మాటలు చెబుతూ కిందికి దింపేదట. పోయిన వానాకాలం జ్వరమొచ్చి పడిపోయింది. ఆ రోజు భద్రు బండి సామాన్ల కోసం మహబూబాబాద్ పోయాడు. ఆయన దవాఖానకు చేరేసరికి అంతా అయిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలిందట. అప్పటి నుంచి ఆమెను తలచుకుంటే ఆ చల్లదనమే గుర్తొస్తుందట, బతికున్నప్పటి చెయ్యి గుర్తుకే రాదట.

భద్రు నన్ను ఒక్కటే అడిగాడు.

"చెయ్యి ఎట్లుండె మేడం? సల్లగుండెనా?"

ఓదార్చడానికి అబద్ధాలు చెప్పడం నా ఉద్యోగంలో అలవాటే. ఆ రోజు ఆ అవసరం రాలేదు.

"లేదన్నా. వెచ్చగుండె."

ఆయన తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

దరఖాస్తు ఇవ్వలేదు. స్కూటీ మీదే తండాలకు పోతున్నాను. భయం వేసినప్పుడు నరాలు ఒక్కోసారి అట్లా మేలుకోవచ్చని మా డాక్టరు గారు అన్నారు గానీ, ఆ మాట ఆయనే గట్టిగా అనలేకపోయారు. ఆ సాయంత్రమే వేడినీళ్లు, చన్నీళ్లు పోసుకుని చూసుకున్నాను. ఇది రాయడానికి కూర్చునే ముందు కూడా సూదితో గుచ్చుకున్నాను. ఏమీ తెలియలేదు. ఏ వేడీ తెలియని ఆ పాదానికి ఆ ఒక్క చేతి వెచ్చదనం ఎట్లా తెలిసిందో నేను చెప్పలేను.