అల్లెలూయా లేని రోజులు

గొంతు రోగాలు మాన్పుతాడని నమ్మే పునీతుడి పండుగనాడు మా ఫాదర్ గారు రెండు కొవ్వొత్తులను కత్తెరలా పట్టుకుని నా మెడకు ఆనించి దీవించారు. ఫిబ్రవరి మొదట్లో వచ్చే ఈ పండుగకు, టాలట్ అనే ఈ ఐరిష్ ఊళ్ళోని మా గుడిలో నేనెప్పుడూ వరసలో చివరివాణ్ణే. గొంతుకు ఏ లోటూ లేనివాడికి తొందరేముంటుంది? ఈ ఏడాది మాత్రం అందరికంటే ముందు నిలబడ్డాను. ఆగమన కాలంలో బొంగురుపోయిన గొంతు, క్రిస్మస్ పాటలతో పూర్తిగా పోయింది. పాడిన గొంతే పాడైంది.

"ఇంకాస్త గట్టిగా ఆనించండి ఫాదర్," అన్నాను గుసగుసగా.

"చాల్లే. వీటిని వెలిగించి ఉంటే ఈపాటికి నీ గడ్డం అంటుకునేది," అని నవ్వారు ఆ ఐరిష్ పెద్దాయన.

ఆదివారం పూజలో కీర్తన పాడేది నేనే. గాయకుణ్ణని కాదు. ఇక్కడి జనం భక్తిపరులే కానీ పాడరు. వెనక బల్లల్లో కూర్చుని, పాటంటే ముందు ఎవరికో జరుగుతున్న వైద్యమన్నట్టు చూస్తారు. గుంటూరు జిల్లాలో మా ఊరి గుడిలో అందరూ గొంతు చించుకునేవాళ్ళు. అక్కడ నా పాట నాకే వినపడేది కాదు. ఇక్కడ పోటీ లేకపోవడమే నా ప్రతిభ. అయినా, లెపర్డ్స్‌టౌన్ ఆఫీసులో వారమంతా నోరు మెదపకుండా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు, నేనూ ఒకణ్ణి ఉన్నానని తెలిసేది ఆ కాసేపే.

మా పేట డాక్టరు, ఇక్కడి మాటలో జీపీ, ఆసుపత్రికి పంపాడు. ముక్కులోంచి కెమెరా దించి చూసిన డాక్టరమ్మ, స్వరపేటిక మీద ఏదో మచ్చ ఉంది, ముక్క తీసి పరీక్షించాలి అంది. లువాస్ ట్రాములో ఇంటికొస్తూ, స్వరపేటికకూ శవపేటికకూ పలకడంలో ఎంత తక్కువ తేడా ఉందో అని ఆలోచించాను. భయమేసినప్పుడు నాకు ఇలాంటివే తడతాయి.

మా ఆవిడ నర్సు. "మచ్చలన్నీ క్యాన్సర్లు కావండీ. ముందు ముక్క తియ్యనివ్వండి," అంది, రోజూ రోగులతో మాట్లాడే గొంతుతో. తరవాత వంటింటి అలమారా తలుపు తెరిచి, డబ్బాల వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏం కావాలి?"

"ఉప్పు."

ఉప్పు డబ్బా ఆమె చేతిలోనే ఉంది.

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సు కాలాన్ని మొదలెట్టే విభూది బుధవారం వచ్చింది. నుదుటిన బూడిద పెట్టించుకున్నవాళ్ళంతా గుడి వాకిట్లో ఒకరినొకరు అడిగే ప్రశ్న ఇక్కడ ఒకటే: తపస్సు కాలానికి ఏం మానేస్తున్నావు? ఒకరు చాక్లెట్లు, ఒకరు బీరు. నన్నడిగితే గొంతు చూపించాను. నేను దాన్ని మానలేదు, అదే నన్ను మానేసింది.

ఈ కాలమంతా గుడిలో అల్లెలూయా పాడరు. పాస్కా, అంటే ఈస్టర్, ముందు రాత్రి జరిగే జాగరణ పూజలో అది తిరిగి వస్తుంది. మూడుసార్లు, ప్రతిసారీ ఇంకాస్త పై శ్రుతిలో. పాడాల్సింది ఫాదర్ గారే. కానీ తన గొంతు వింటే లేచిన ప్రభువు మళ్ళీ సమాధిలోకి వెళ్ళిపోతాడని ఆయన భయం. అందుకే ఏళ్ళుగా ఆ పని నాది.

"ఎలాగూ పాస్కాదాకా అల్లెలూయాకు సెలవే కదా. అప్పటికి నీ గొంతు గ్రాండ్‌గా ఉంటుంది," అన్నారాయన.

ఆ మాటను పట్టుకుని వేలాడాను. ముక్క తీశాక కొన్నాళ్ళు మాట్లాడవద్దన్నారు, గుసగుస కూడా కూడదన్నారు. "పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి, నా మాటకు ఎదురు లేకపోవడం," అని మా ఆవిడ నవ్వబోయి, నవ్వలేక లేచి వెళ్ళిపోయింది. శుక్రవారాలు గుడి గోడల మీది సిలువ మార్గం పటాల్లో ఒక్కోదాని దగ్గర మోకరించి మనసులోనే బేరమాడాను. ఉద్యోగం తీసుకో ప్రభూ. కారు తీసుకో. జుట్టు ఎలాగూ తీసుకున్నావు. ఇది ఒక్కటీ వదిలెయ్. అడిగింది గొంతే, అయినా అది గొంతెమ్మ కోరికలానే వినిపించింది.

పాస్కాకు ముందరి పవిత్ర వారంలో, బుధవారంనాడు ఫలితం చెప్పారు. క్యాన్సరే. పండుగ కాగానే రేడియేషన్.

"తొందరగానే పట్టుకున్నాం. మీరు బతుకుతారనే నా నమ్మకం," అంది డాక్టరమ్మ.

"పాట?"

ఆమె మా ఆవిడ వైపు చూసింది. "మాట వస్తుంది. పాట గురించి మాటివ్వలేను."

ఫాదర్ గారికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే నేనే పాడాలి. దేవుడే అందర్నీ కాపాడాలి," అన్నారు.

జాగరణకు వెళ్ళకూడదనుకున్నాను. పదిహేనేళ్ళ మా అమ్మాయి చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. గుడి బయట గాలిలో కొత్త నిప్పు రాజేశారు. దాన్నుంచి అందరం కొవ్వొత్తులు వెలిగించుకుని చీకటిలో లోపలికి నడిచాం. అలవాటుగా కీర్తన పాడే మూలకే పోయి కూర్చున్నాను.

బైబిలు పాఠాలు చదవడం అయ్యాక ఫాదర్ గారు లేచారు. మొదటి అల్లెలూయా కిందికి జారింది. జనం ఎప్పటిలాగే పెదవులు కదిపారు. రెండోది ఎటో పోయింది. మూడోది ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో తెగిపోయింది. పాపం, ఆయన అలవాటుగా నా మూలకు చూశారు. నేనూ అలవాటుగానే నోరు తెరిచాను.

గాలి వచ్చింది. గాలి మాత్రమే. చేతిలోని కొవ్వొత్తి ఆరిపోయింది.

"డాడ్, దాన్ని పాఠాలప్పుడే ఆర్పెయ్యాలి," అంది మా అమ్మాయి తన ఐరిష్ యాస ఇంగ్లీషులో, నా చెవి దగ్గర. చుట్టూ చూస్తే నిజమే, అప్పటిదాకా వెలుగుతున్నది నాదొక్కటే. నేను నవ్వుతానని తను ఎదురుచూసింది. నవ్వడానికీ గొంతు కావాలి. తల ఊపాను. తన ముఖంలోని నవ్వు మెల్లగా పోయింది. నా వేళ్ళ మీద పడ్డ మైనాన్ని గోటితో గీకడం మొదలెట్టింది.

జ్ఞానస్నాన వాగ్దానాల వేళకు అందరూ మళ్ళీ దీపాలు అంటించుకున్నారు. మా అమ్మాయి తన కొవ్వొత్తిని నా వైపు వంచింది. వెలిగించుకుని, ఈసారి నోరు గట్టిగా మూసుకుని పట్టుకున్నాను.